ఇరవై మంది, ఒక ఆదివారం, పది ఎల్‌ఈడీల బోర్డు

వర్క్‌షాప్ పని ఆరు వారాల ముందు, ఒక తెల్లకాగితం మీద మొదలవుతుంది. తేదీ, హాలు, భోజనాలు అన్నీ తర్వాత. మొదటి వరుసలో రాసేది ఒక్కటే: సాయంత్రం అయిదింటికి వచ్చినవాళ్ల చేతిలో ఏం ఉండాలి? హైదరాబాద్‌లో ఒక స్కూలు హాలు తీసుకుని, ఎలక్ట్రానిక్స్ మీద సరదా ఉన్నా చేత్తో ఎన్నడూ ఏదీ చేయని ఇరవై మందికి ఆదివారం పూట పని నేర్పబోతున్న బృందమిది. మొత్తం అయిదుగురు. నలుగురు కుర్రాళ్లు, వాళ్లకు పెద్దదిక్కుగా జీవితమంతా రేడియోలూ టీవీలూ బాగుచేసిన ఒక మెకానిక్. ఆయన్ని అందరూ మాస్టారు అనే పిలుస్తారు. "ఇంటికెళ్లి స్విచ్ వేస్తే పిల్లలు చుట్టూ మూగాలి. అలాంటిది ఏదైనా చెప్పండి" అంటారాయన.

కాగితం మీద నాలుగు పేర్లు పడతాయి, మూడు కొట్టేస్తారు. ఎఫ్‌ఎం రేడియో బాగుంటుంది గానీ కాయిల్‌లో ఒక్క చుట్టు తేడా వచ్చినా స్టేషన్ పలకదు. ఇరవై కాయిళ్లు సరిచేస్తూ కూర్చుంటే పొద్దు గుంకుతుంది. పవర్ సప్లై ఇంట్లో పనికొచ్చేదే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు 230 వోల్టులుంటాయి. మొదటిరోజు నేర్చుకునేవాళ్ల చేతి దగ్గర అవి ఉండకూడదు. ఆర్డినో పెడదామని కుర్రాళ్ల పట్టు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టిన ఆ బోర్డు మంచిదే. అయితే దీపం వెలగకపోతే తప్పు ప్రోగ్రాంలో ఉందా, తీగలో ఉందా, కంప్యూటర్ డ్రైవర్‌లో ఉందా తేల్చడానికే గంట పడుతుందంటారు మాస్టారు. నా ఓటూ మాస్టారికే. మొదటి బోర్డులో తప్పు కంటికి కనపడే చోట ఉండాలి. చివరికి మిగిలేది రన్నింగ్ లైట్లు. వినాయక మండపాల మీద ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే దీపాలకు చిన్న రూపం.

దీనికి రెండు ఐసీలు చాలు. మొదటిది 555 టైమర్. 1971లో హాన్స్ కామెంజిండ్ సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించిన ఎనిమిది కాళ్ల ఐసీ ఇది. యాభై ఏళ్లు దాటినా ఏ షాపులో అడిగినా దొరుకుతుంది. అది ఆగకుండా పల్సులు పంపుతూ ఉంటుంది. రెండోది 4017 అనే పదహారు కాళ్ల కౌంటర్. పల్సు వచ్చినప్పుడల్లా తన పది అవుట్‌పుట్లలో ఒకదాన్ని ఆర్పి, తర్వాతిదాన్ని వెలిగిస్తుంది. వేగాన్ని నిర్ణయించేవి రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్. మొదటి రెసిస్టర్ విలువకు రెండోదానికి రెట్టింపు కలిపి, కెపాసిటర్ విలువతో గుణించి, ఆ వచ్చినదాంతో 1.44ను భాగిస్తే సెకనుకు ఎన్ని పల్సులో తెలుస్తుంది. మొదటిది 10 కిలో ఓములు. రెండోది 10 కిలో ఓములకు వరసగా 100 కిలో ఓముల ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్. కెపాసిటర్ 4.7 మైక్రోఫారడ్లు. ప్రీసెట్‌ను ఒక చివరికి తిప్పితే దీపం సెకనుకు 10 అడుగులు వేస్తుంది, రెండో చివరికి తిప్పితే 1.3. ఒక్కసారి ఒక్క దీపమే వెలుగుతుంది కాబట్టి పది ఎల్‌ఈడీలకూ కలిపి ఒకే 1 కిలో ఓము రెసిస్టర్ సరిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీతో దీపానికి 6 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల కరెంటు వెళ్తుంది, గదిలో వెలుతురున్నా బాగానే కనిపిస్తుంది.

లెక్క కుదిరాక మాస్టారు సర్క్యూట్‌ను బ్రెడ్‌బోర్డ్ మీద పెడతారు. సోల్డరింగ్ లేకుండా కాళ్లను రంధ్రాల్లో గుచ్చి సర్క్యూట్ నడిపించే ప్లాస్టిక్ పలక ఇది. మొదటిసారికే నడుస్తుంది. అక్కడితో ఆయన ఆగరు, నడుస్తున్నదాన్ని కావాలని చెడగొడతారు. 4017లో 13వ పిన్ను తీగ పీకేస్తారు. ఆ పిన్ను గాలిలో వదిలేస్తే చుట్టుపక్కల కరెంటు తీగల రొదనే పట్టుకుంటుంది. వేలు దగ్గరికి తెస్తే దీపాలు ఆగుతాయి, వేలు తీస్తే నడుస్తాయి. తర్వాత ఒక ఎల్‌ఈడీని తిరగేసి పెడతారు. అది వెలగకుండా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. జరిగేది వేరు. పక్క దీపాల నుంచి వచ్చిన కరెంటు ఉమ్మడి రెసిస్టర్ దగ్గరికి చేరి, ఈ తిరగబడ్డ ఎల్‌ఈడీలోంచి వెనక్కి దారి చూసుకుంటుంది. మిగతా తొమ్మిది వంతుల్లోనూ అది వెలుగుతూనే ఉండి, సరిగ్గా తన వంతు వచ్చినప్పుడు ఆరిపోతుంది. ఇలా ఒక్కో తప్పూ చేసి, ఏం కనిపించిందో ఒక కుర్రాడి చేత రాయిస్తారు. పన్నెండు తప్పులు, పన్నెండు లక్షణాలు. వర్క్‌షాప్ రోజున సహాయకులుగా తిరిగే కుర్రాళ్ల జేబుల్లో ఉండే చీటీ ఇదే. నేను చూసిన కాగితాలన్నిటిలో దీనికే ఎక్కువ విలువ కడతాను.

తర్వాత బోర్డు డిజైన్. కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీస్తారు. 70 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 1.6 మందం, రాగి ఒక వైపే. రెండు వైపులా రాగి ఉన్న బోర్డులో రంధ్రం లోపల కూడా లోహం పూత ఉంటుంది. తప్పుగా పెట్టిన భాగాన్ని ఊడబెరకడం కొత్తవాళ్ల వల్ల కాదు. ఒక వైపు రాగి కాబట్టి రెండు చోట్ల దారి దాటడానికి జంపర్ తీగలు తప్పవు. రెసిస్టర్ల నుంచి కత్తిరించిన కాళ్లే వాటికి పనికొస్తాయి. సోల్డర్ పట్టే ప్యాడ్‌ను మామూలు కంటే పెద్దది చేసి 2 మిల్లీమీటర్లకు పెంచుతారు. ప్రతి ఎల్‌ఈడీ పక్కనా చదునైన వైపు ఎటు రావాలో బొమ్మ, ప్రతి రెసిస్టర్ కిందా అంకె రూపంలో విలువ ముద్రిస్తారు. బ్యాటరీ తిరగేసి తగిలించినా ఐసీలు బతకడానికి దారిలో ఒక 1ఎన్4007 డయోడ్. 25 బోర్డులకు ఆర్డర్ పెడతారు. ఒక్కోటి 45 రూపాయల దాకా పడుతుంది. చేతికి రావడానికి పది రోజులు పట్టొచ్చని నాలుగు వారాల ముందే పంపేస్తారు.

బోర్డు గీశాక అతుకులు లెక్కపెట్టాలి. ఐసీలు నేరుగా అతకరు, వాటి బేసులను అతుకుతారు. చిన్న బేసుకు 8, పెద్దదానికి 16, ఎల్‌ఈడీలకు 20, మూడు రెసిస్టర్లకు 6, ప్రీసెట్‌కు 3, నాలుగు కెపాసిటర్లకు 8, డయోడ్‌కు 2, స్విచ్‌కు 3, బ్యాటరీ క్లిప్ తీగలకు 2, జంపర్లకు 4. మొత్తం 72. ఇరవై మందికి 1,440. మాస్టారు 72 అతుకులను టీ చల్లారేలోగా ముగించేస్తారు. కొత్తవాళ్లకు కాలు వంచడం, దూర్చడం, అతకడం, కత్తిరించడం కలిపి అతుక్కి ఒక నిమిషం అనుకుంటే గంటా పన్నెండు నిమిషాలు. అందుకు రెట్టింపు సమయం ఇవ్వాలన్నది ఆయన నియమం. దాంతో మధ్యాహ్నం అంతా సోల్డరింగ్‌కే పోతుందని తేలిపోతుంది. రోజు పట్టిక ఈ ఒక్క లెక్క చుట్టూ అల్లుకుంటుంది.

సరుకు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఇరుకు సందులో ఇటు అటు ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులే. మంగళవారమో బుధవారమో పదకొండు దాటాక వెళ్తారు. ఆదివారం అక్కడ ఎక్కువ షాపులు తెరవరు కాబట్టి వర్క్‌షాప్ రోజున ఏది తక్కువైనా తెచ్చుకునే దారి లేదు. అందుకే ఇరవై మందికి 24 మంది లెక్క. చీటీలో పేర్లు షాపువాళ్ల భాషలోనే రాస్తారు. 0.1 మైక్రోఫారడ్ అని రాయరు, 104 డిస్క్ అంటారు. పది నానోఫారడ్లది 103. సోల్డర్ తీగ కావాలంటే లెడ్ అని అడగాలి. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం, మధ్యలో రోజిన్ నింపిన 22 గేజి తీగ తీసుకుంటారు. రోజిన్ పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చే పదార్థం, రాగి మీది తుప్పును తినేసి సోల్డర్ పారేలా చేస్తుంది. ఎల్‌ఈడీలు మనిషికి పన్నెండు. రెండు ఎలాగూ కాళ్లు విరుగుతాయి.

తెచ్చిన సరుకును అలాగే సంచుల్లో వేస్తే మూణ్ణాళ్లకే చిక్కొస్తుంది. 555లు, 4017లు అన్నీ ఒక్కొక్కటిగా బ్రెడ్‌బోర్డ్ మీద పెట్టి నడిపిస్తారు, ఒక్కోదానికి పది సెకన్లు. ఎల్‌ఈడీలను మల్టీమీటర్ డయోడ్ పాయింట్ మీద పెట్టి మినుకుమంటోందా చూస్తారు. బ్యాటరీల వోల్టేజీ కొలుస్తారు. కొత్త బ్యాటరీ 9 వోల్టులకు పైనే చూపించాలి, తక్కువైతే షాపులో ఏడాదిగా పడున్నదని అర్థం. బేసుల కాళ్లు వంకరగా ఉంటే పక్కన పెట్టేస్తారు. చూసేవాళ్లకు విసుగు పుట్టే పని. ఒక పాడు ఐసీ కొత్తవాళ్ల చేతికి వెళ్తే వాళ్లు తమ చేతినే అనుమానిస్తారు, మళ్లీ సోల్డరింగ్ ఐరన్ పట్టరు.

ఖర్చు ఇక్కడే తేలుతుంది. అంగడికో ధర, వారానికో ధర కాబట్టి ఇవి సుమారు లెక్కలే. ఒక కిట్‌లో బోర్డు 45, బ్యాటరీ 30, 4017కు 18, 555కు 8, ఎల్‌ఈడీలు 18, మిగతా చిల్లర సరుకూ జిప్ కవరూ కలిపి 41. మొత్తం 160 రూపాయలు. 24 కిట్లకు 3,840. లెడ్ 200 గ్రాములకు 700, భోజనం 24 మందికి తలా 120 చొప్పున 2,880, జిరాక్సులూ స్పాంజీలూ చిల్లర మల్లర 700. మొత్తం 8,120. రుసుము మనిషికి 450 పెడితే 9,000 వస్తుంది. పనిముట్ల ఖర్చు వేరు, అది ఒకేసారి పెట్టేది. ఇరవై ఐరన్లకు 5,000, బ్రెడ్‌బోర్డులకు 1,800, అయిదు మల్టీమీటర్లకు 1,500, పది కట్టర్లకు 1,200, అయిదు సోల్డర్ పంపులకు 600, నాలుగు ఎక్స్‌టెన్షన్ బోర్డులకు 1,400. ఆ 11,500నూ అయిదుగురూ తలా కొంత వేసుకుంటారు. ఊరికే నేర్పొచ్చు కదా అని ఒక కుర్రాడు అడుగుతాడు. "డబ్బు కట్టినవాడే పొద్దున తొమ్మిదిన్నరకు వస్తాడు నాయనా" అంటారు మాస్టారు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను.

కిట్లు కట్టడానికి వారం ముందు ఒక సాయంత్రం కేటాయిస్తారు. పొడవాటి బల్ల మీద భాగాలన్నీ వరసగా గిన్నెల్లో పోస్తారు. ఒక్కొక్కరు ఒక కవరు పట్టుకుని వరసంతా నడుస్తారు. 4017 స్థిర విద్యుత్తుకు దెబ్బతినే రకం కాబట్టి దాని కాళ్లకు అల్యూమినియం కాగితం చుట్టి వేస్తారు. 1 కిలో ఓము, 10 కిలో ఓముల రెసిస్టర్లకు తేడా ఒక్క పట్టీలోనే. అక్కడ ఎరుపు, ఇక్కడ నారింజ. ట్యూబులైటు కింద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒంటరిగా ఉండే 1 కిలో ఓము రెసిస్టర్‌ను పసుపు కాగితానికి గుచ్చి వేరుగా పెడతారు. చివర్లో నిలబడ్డ మనిషి ప్రతి కవరునూ చీటీతో సరిచూసి సంతకం పెడతాడు. లెడ్‌ను రీలుతో ఇవ్వరు, మనిషికి 2 మీటర్లు వేలికి చుట్టి కవర్లో వేస్తారు. 72 అతుకులకు అతుక్కి సెంటీమీటరు చొప్పున 72 సెంటీమీటర్లు చాలు. మిగతాది నేర్చుకునేటప్పుడు పోయేది.

ఐరన్లు 25 వాట్లవి, మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నవి తీసుకుంటారు. రెండు పిన్నులవి పదో పాతికో తక్కువ పడతాయి గానీ వాటికి ఎర్త్ ఉండదు. కొత్త ఐరన్‌ను మొదటిసారి వేడి చేసేటప్పుడే బిట్‌కు, అంటే కొసకు, లెడ్ పట్టించాలి. సోల్డర్ కరిగే వేడి అందగానే బిట్ చుట్టూ లెడ్ తిప్పుతూ వెండిరంగు పొర వచ్చేదాకా ఉంచుతారు. ఆ ఒక్కసారి వదిలేస్తే బిట్ నల్లగా మాడి, ఇక లెడ్‌ను దగ్గరికి రానివ్వదు. ఇరవై ఐరన్లకూ మాస్టారు తానే కూర్చుని ఈ పని చేస్తారు, కుర్రాళ్లకు అప్పగించరు.

హాలులో కరెంటు లెక్క తేలిక. 25 వాట్ల ఐరన్లు ఇరవై అంటే 500 వాట్లు, 230 వోల్టుల దగ్గర 2.2 ఆంపియర్లు. ఒక మామూలు 6 ఆంపియర్ల ప్లగ్ పాయింటే మోయగలదు. అయినా నాలుగు ఎక్స్‌టెన్షన్ బోర్డులు పెట్టి, అయిదేసి ఐరన్ల చొప్పున వేర్వేరు ప్లగ్గులకు తగిలిస్తారు. ఒకటి పోయినా మిగతా పదిహేను మంది పని ఆగదు. ముందురోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్లగ్గులకు ఎర్త్ ఉందో లేదో, కరెంటు లీకైతే సప్లై ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందో లేదో చూపిస్తారు. తీగలు నడిచే దారికి అడ్డంగా రాకుండా గోడ వెంబడి టేపు వేస్తారు. ఇందులో మోజు పడాల్సిందేమీ లేదు గానీ, ఇది చేయని చోటికి నేనైతే వెళ్లను.

బల్లలు పది, బల్లకు ఇద్దరు. ప్రతి చోటా ఒక టైలు ముక్క. పెళ్లికి వేసే ప్లాస్టిక్ గుడ్డలు బల్లల మీద ఉంచరు, ఐరన్ తగిలితే కరిగిపోతాయి. సోల్డరింగ్‌లో లేచే పొగ సీసానిది కాదు, రోజిన్‌ది. ఆ వేడికి సీసం ఆవిరి కాదు. కానీ రోజిన్ పొగ కళ్లూ గొంతూ మంటపెడుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు. అందుకని కిటికీ వైపు బల్లలు వేసి, గాలిని బయటికి తోసేలా రెండు టేబుల్ ఫ్యాన్లు పెడతారు. సీలింగ్ ఫ్యాన్ ఆపేస్తారు. నేరుగా తగిలే గాలికి 25 వాట్ల బిట్ చల్లబడిపోతుంది. మే నెలలో ఈ వర్క్‌షాప్ పెట్టకపోవడానికి కారణం ఇదే.

రిహార్సల్‌కు ఐరన్ ముట్టుకోని ఇద్దరిని పట్టుకొస్తారు. ఒక తొమ్మిదో తరగతి పిల్ల, ఒక బ్యాంకు ఉద్యోగి. పిల్ల గంటా యాభై నిమిషాల్లో ముగిస్తుంది, ఉద్యోగికి రెండున్నర గంటలు పడుతుంది. సహాయకులు నోరు మూసుకుని చూడాలి, ఎక్కడ తడబడుతున్నారో రాసుకోవాలి. ఇద్దరూ ఐసీ బేసును తిరగేసే పెట్టారు. బేసు ఎటు తిరగాలో చెప్పే గాటు గుర్తు బోర్డు మీద ఉంది గానీ, బేసు పెట్టగానే దాని కింద దాగిపోతోంది. బోర్డులు అప్పటికే వచ్చేశాయి కాబట్టి ముద్ర మార్చలేరు. గాటు వచ్చే చోట ఎర్ర మార్కర్‌తో చుక్క పెట్టడమే దారి, పాతిక బోర్డుల మీదా. పది నిమిషాల పని.

ఆదివారం తొమ్మిదిన్నరకు తలుపులు తెరుస్తారు. ఇంజినీరింగ్ విద్యార్థులు, ఒక తల్లీ కూతురూ, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంట్లో మిక్సీ తానే బాగుచేసుకుందామని వచ్చిన గృహిణి. ఉపన్యాసం పదిహేను నిమిషాలు, అందులోనే జాగ్రత్తలు. పది గంటలకు బ్రెడ్‌బోర్డులు చేతికి ఇస్తారు. మొదట 555తో ఒక్క ఎల్‌ఈడీ మినుకుమనాలి. దీనికి నలభై నిమిషాలు. తర్వాత 4017 చేర్చి నాలుగు దీపాలు పరుగెత్తించాలి. 3, 2, 4, 7 పిన్నులకు ఎల్‌ఈడీలు, 10వ పిన్ను నుంచి రీసెట్ అయిన 15కు ఒక తీగ. అయిదో అడుగు వేయబోగానే కౌంటర్ మళ్లీ మొదటికి వచ్చేస్తుంది. ఆ తీగను తీసి 15ను గ్రౌండ్‌కు కలిపితే ఆరు అడుగులు చీకట్లో నడిచి మళ్లీ వెలుగు వస్తుంది. తీగ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూస్తుంటారు. కౌంటర్ అంటే ఏమిటో ఇక చెప్పాల్సిన పనిలేదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఉండే సప్లై గీత మధ్యలో తెగి ఉంటుంది, సగం సర్క్యూట్‌కు కరెంటే అందదు. సహాయకులు మొదట చూసేది దాన్నే.

ఒంటిగంటకు భోజనం. తినే చోటు వేరు, పనిచేసే బల్లల మీద బిస్కెట్ కూడా రానివ్వరు. సోల్డరింగ్ మొదలయ్యాక టీకి లేచినా సబ్బుతో చేతులు కడగాల్సిందే. వేళ్లకు అంటిన సీసం నోట్లోకి పోకుండా.

రెండింటికి మాస్టారు ఐరన్ పట్టుకుంటారు, అందరూ చుట్టూ చేరతారు. బిట్‌ను తడి స్పాంజీ మీద ఒకసారి రుద్ది, కొసకు చిటికెడు లెడ్ తగిలిస్తారు. బిట్‌ను ప్యాడ్‌కూ కాలుకూ రెంటికీ ఆనేలా పెట్టి ఒక సెకను ఆగుతారు. అప్పుడు లెడ్‌ను బిట్‌కు కాకుండా ఎదుటివైపు నుంచి కాలుకు తగిలిస్తారు. 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టిన లెడ్ రాగిని వెతుక్కుంటూ పారి, కాలు చుట్టూ గుడారంలా ఎగబాకి మెరుస్తుంది. ముందు లెడ్ తీసేస్తారు, తర్వాత ఐరన్. మొత్తం మూడు సెకన్లు. చల్లారేదాకా కాలు కదలకూడదు. "లెడ్‌ని ఐరన్‌తో మోసుకొచ్చి పూయకండమ్మా. కాలు వేడెక్కితే అదే పిలుచుకుంటుంది" అంటారు. బిట్ మీద కరిగించి బొట్టు పెట్టినది పైకి గుండ్రంగా ఉంటుంది, కింద రాగిని అంటుకోదు. దాన్ని డ్రై సోల్డర్ అంటారు. వారం తర్వాత అతుకు వదిలి ఆరిపోయే దీపాలన్నీ అలాంటివే.

అసలు బోర్డు ముట్టుకునే ముందు పాత బోర్డు ముక్క మీద పదేసి అతుకులు వేయించి చూస్తారు. ఆ తర్వాత ఎత్తు తక్కువ భాగాలతో మొదలు: రెసిస్టర్లు, జంపర్లు, డయోడ్. ఆపై బేసులు, డిస్క్ కెపాసిటర్లు, ప్రీసెట్, ఎల్‌ఈడీలు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, స్విచ్, చివర్న క్లిప్. ఎత్తువి ముందు పెడితే బోర్డు తిరగేసినప్పుడు చిన్నవి జారిపోతాయి. బేసుకు ముందు రెండు మూలల కాళ్లే అతికి, సమంగా కూర్చుందో లేదో చూశాకే మిగతావి. హాలులో మాటలు తగ్గుతాయి. సహాయకులకు ఒక్క నియమం, వచ్చినవాళ్ల చేతిలోంచి ఐరన్ తీసుకోకూడదు. వేలితో చూపించొచ్చు, పక్కన పాత బోర్డు మీద చేసి చూపొచ్చు. పాటించడం వాళ్లకు ఎంత కష్టమో ముఖాల్లో తెలుస్తుంటుంది.

నాలుగింటికి మొదటి బోర్డు సిద్ధం. బ్యాటరీ వెంటనే తగిలించనివ్వరు. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్ బీప్ పాయింట్ పెడతారు. ఒక క్షణం కుయ్‌మని ఆగితే కెపాసిటర్ నిండుతోందన్నమాట, మోగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్. అది దాటాక ఐసీలు లేకుండానే బ్యాటరీ పెట్టి, పెద్ద బేసులో 16, 8 పిన్నుల మధ్య వోల్టేజీ చూస్తారు. డయోడ్ తన వాటా కింద కొంత వోల్టేజీ తీసుకుంటుంది కాబట్టి బ్యాటరీ కంటే ఆ మేరకు తక్కువ రావాలి. అప్పుడు బ్యాటరీ తీసి, ఐసీలు పెట్టి, స్విచ్.

ఇరవైలో మొదటి స్విచ్‌కే అన్నీ వెలగవు. అది ముందే తెలుసు కాబట్టే చివరి గంటన్నర ఖాళీగా ఉంచారు. జేబుల్లోంచి చీటీలు బయటికొస్తాయి. దీపం కదలక ఒకచోటే నిలిచిపోతే 555 మూడో పిన్ను దగ్గర అతుకు చూడాలి. అన్నీ మసకగా ఉంటే 1 కిలో ఓము చోట 10 కిలో ఓములది కూర్చుంది. 4017 వేలికి చురుక్కుమంటే తిరగబడి ఉంది, వెంటనే తీయాలి. లెక్కల మాస్టారి బోర్డులో ఒక ఎల్‌ఈడీ ఎప్పుడూ వెలుగుతూ, తన వంతులో ఆరిపోతోంది. సహాయకుడు చెప్పేయబోతే మాస్టారు చేయి అడ్డం పెడతారు. లెక్కల మాస్టారు కాగితం తీసుకుని కరెంటు దారి బాణాలతో గీస్తారు. ఆరు నిమిషాలకు "ఇది వెనక్కి పోతోందండీ" అంటారు. సోల్డర్ పంపుతో పాత లెడ్ పీల్చి, ఎల్‌ఈడీని తిప్పి అతికి, స్విచ్ వేస్తారు. ఆయన కుర్చీ పక్కన అప్పటికి నలుగురు చేరి ఉన్నారు.

అయిదున్నరకు లెక్కలు. ఐరన్లు చల్లారాక బిట్‌కు లెడ్ పూసే ఉందో లేదో చూసి పెట్టెలో పెడతారు. కట్టర్లు పది, పంపులు అయిదు, మీటర్లు అయిదు ఎంచుకుంటారు. కత్తిరించిన కాళ్లూ లెడ్ ముక్కలూ చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేయరు. డబ్బాలో పోసి, ఈ-వేస్ట్ తీసుకునే చోటికి పంపుతారు. పందొమ్మిది బోర్డులు నడిచాయి. ఇరవయ్యోదానిలో ఒక ప్యాడ్ వేడి ఎక్కువై లేచిపోయింది, దాని యజమాని విడి కిట్ అడిగి పట్టుకెళ్లాడు. మిగిలిన 880 రూపాయలతో వచ్చేసారికి బిట్‌లు కొంటారు.

మీ ఊళ్లో మీరు పెట్టదలిస్తే ఇరవై మందితో మొదలుపెట్టకండి, ఎనిమిది మంది చాలు. పీసీబీ ఖర్చు భారమైతే జనరల్ పర్పస్ బోర్డు మీద అయిదు దీపాలతో చేయించండి. ఐరన్లు అరువు తెచ్చుకున్నా ఫరవాలేదు, భోజనం బదులు ఉప్మా పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. నలుగురికి ఒక సహాయకుడు, చివర్న తప్పులు వెతకడానికి గంటన్నర, ఈ రెండూ మాత్రం తగ్గించకండి.